ఆసుపత్రిలో నిర్లక్ష్యం జరిగితే ఎక్కడికి వెళ్ళాలి? రెండు తెలుగు రాష్ట్రాల కుటుంబాలు తెలుసుకోవాల్సిన చట్టం

ఇంట్లో మనిషి నడుచుకుంటూ ఆసుపత్రికి వెళ్ళి తిరిగి రాకపోతే, లేదా వచ్చినా మంచానికే పరిమితమైపోతే ఆ కుటుంబం ముందు సాధారణంగా రెండే దారులు కనిపిస్తాయి. ఒకటి, ఆసుపత్రి ముందు బంధువులంతా చేరి గొడవకు దిగడం. రెండు, అల్లాహ్ మర్జీ అనుకుని నోరు మూసుకుని కూర్చోవడం. మొదటి దారిలో కుటుంబం మీదే కేసు పడే ప్రమాదం ఉంది. రెండో దారి సబ్ర్ లాగే కనిపిస్తుంది కానీ, తఖ్‌దీర్‌ను నమ్మడానికీ, తప్పు చేసినవారిని లెక్క అడగడానికీ మధ్య వైరుధ్యం ఏమీ లేదు. వైద్యం తెలియకుండా వైద్యం చేసి హాని కలిగించినవాడు ఆ నష్టానికి బాధ్యుడేనని ఫిఖహ్ కూడా అంటుంది. దాన్నే జమాన్ అంటారు.

ఈ రెండింటికీ మధ్య చట్టం చూపే దారి ఉంది. ఖర్చు అనుకున్నంత ఎక్కువేమీ కాదు. అయితే గడువులు గట్టివి, కాగితాలు తప్పనిసరి. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లలో వైద్య నిర్లక్ష్యం ఫిర్యాదు ఎలా నడుస్తుందో, ఏ దశలో ఏం చేయాలో కింద ఉంది.

ఏది నిర్లక్ష్యం, ఏది కాదు

వైద్యం ఫలించకపోవడం నిర్లక్ష్యం కాదు. ఆపరేషన్ చేశాక రోగి చనిపోయినంత మాత్రాన డాక్టర్ తప్పు చేశాడని కోర్టు అనదు. అదే విద్యార్హత ఉన్న మామూలు డాక్టర్ అదే పరిస్థితిలో తీసుకునే జాగ్రత్త ఈ డాక్టర్ తీసుకున్నాడా లేదా అన్నదే కొలబద్ద. దేశంలో అందరికంటే గొప్ప డాక్టర్ ఏం చేసేవాడు అన్నది లెక్కలోకి రాదు. ఒక జబ్బుకు రెండు రకాల చికిత్సలు ఉండి, డాక్టర్ వాటిలో ఒకటి ఎంచుకుంటే, రెండోది చేసి ఉంటే బతికేవాడు అన్న వాదన ఒక్కటే చాలదు. 2005 ఆగస్టు 5న సుప్రీంకోర్టు జాకబ్ మాథ్యూ కేసులో ఈ సూత్రాన్ని స్పష్టం చేసింది.

ఫిర్యాదు చేసేవారు మూడు విషయాలు చూపించాలి. డాక్టర్‌కు లేదా ఆసుపత్రికి ఆ రోగి పట్ల బాధ్యత ఉంది. ఆ బాధ్యతలో లోపం జరిగింది. జరిగిన నష్టం ఆ లోపం వల్లే వచ్చింది. చాలా ఫిర్యాదులు మూడో దగ్గరే ఓడిపోతాయి. నర్సు ఆలస్యంగా వచ్చిందని రుజువు చేయగలరు గానీ, ఆ ఆలస్యం వల్లే ప్రాణం పోయిందని చూపించలేకపోతారు.

కొన్ని సంగతులు మాత్రం వాటంతట అవే మాట్లాడతాయి. కడుపులో గాజుగుడ్డ వదిలేయడం, ఎడమ కాలికి బదులు కుడి కాలికి ఆపరేషన్ చేయడం, వేరే గ్రూపు రక్తం ఎక్కించడం లాంటివి. ఇలాంటి చోట తాము జాగ్రత్తగానే ఉన్నామని చూపించుకోవాల్సిన భారం ఆసుపత్రి మీదకు మళ్ళుతుంది.

నాలుగు తలుపులు

ఒకే సంఘటన మీద నాలుగు చోట్లకు వెళ్ళవచ్చు. ఒక్కోచోట దొరికేది వేరు.

వినియోగదారుల కమిషన్: డబ్బు రూపంలో నష్టపరిహారం ఇప్పిస్తుంది. ఎక్కువ కుటుంబాలకు పనికొచ్చేది ఇదే.

సివిల్ కోర్టు: ఇదీ పరిహారం కోసమే. కోర్టు ఫీజు కట్టాలి, కాలం ఎక్కువ పడుతుంది. వినియోగదారుల చట్టం వర్తించని చోట దీని అవసరం వస్తుంది.

రాష్ట్ర మెడికల్ కౌన్సిల్: డాక్టర్ రిజిస్ట్రేషన్ మీద చర్య తీసుకుంటుంది. పరిహారం ఇప్పించే అధికారం దీనికి లేదు.

పోలీసులు, క్రిమినల్ కోర్టు: ఘోరమైన నిర్లక్ష్యం అయితేనే శిక్ష.

వినియోగదారుల కమిషన్‌కు ఎవరు వెళ్ళవచ్చు

1995 నవంబర్ 13న సుప్రీంకోర్టు వి.పి. శాంత కేసులో, డబ్బు తీసుకుని చేసే వైద్యం సేవ కిందకు వస్తుందని, రోగి వినియోగదారుడేనని తేల్చింది. 1986 చట్టం స్థానంలో వచ్చిన 2019 వినియోగదారుల రక్షణ చట్టం 2020 జులై నుంచి అమల్లో ఉంది. కొత్త చట్టంలో సేవల జాబితాలో ఆరోగ్యం అన్న మాట లేదు కాబట్టి డాక్టర్లు బయటపడ్డారని కొంతకాలం వాదన నడిచింది. బొంబాయి హైకోర్టు ఆ వాదనను తోసిపుచ్చింది. 2022లో సుప్రీంకోర్టు కూడా ఆ తీర్పులో జోక్యం చేసుకోలేదు. కాబట్టి వైద్యం ఈ చట్టం కిందే ఉంది.

రోగి బతికి ఉంటే రోగే ఫిర్యాదుదారు. చనిపోతే చట్టబద్ధ వారసులు, అంటే భార్య లేదా భర్త, పిల్లలు, తల్లిదండ్రులు వేయవచ్చు. పిల్లల విషయంలో బిడ్డా, తల్లిదండ్రులూ ఇద్దరూ వినియోగదారులేనని 1998లో సుప్రీంకోర్టు చెప్పింది. ఢిల్లీలో తప్పుడు ఇంజెక్షన్ వల్ల మెదడు దెబ్బతిన్న చిన్నారి కేసు అది. బిడ్డకు 12.5 లక్షలు, తల్లిదండ్రులు పడిన మానసిక వేదనకు వేరుగా 5 లక్షలు ఇప్పించారు.

ఫిర్యాదు ఎక్కడ వేయాలన్నది అడిగే పరిహారాన్ని బట్టి ఉండదు, ఆసుపత్రికి కట్టిన డబ్బును బట్టి ఉంటుంది. కట్టింది 50 లక్షల లోపు అయితే జిల్లా కమిషన్. 50 లక్షల నుంచి 2 కోట్ల వరకు రాష్ట్ర కమిషన్. ఆపైన జాతీయ కమిషన్. అంటే ఆసుపత్రి బిల్లు 4 లక్షలు అయి, పరిహారం 40 లక్షలు అడిగినా జిల్లా కమిషనే. ఈ పద్ధతి సరైనదేనని 2025 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కూడా సమర్థించింది.

ఫీజు కూడా కట్టిన బిల్లును బట్టే. 5 లక్షల లోపు బిల్లుకు ఫీజు లేదు. 10 లక్షల వరకు 200 రూపాయలు, 20 లక్షల వరకు 400, 50 లక్షల వరకు 1000 రూపాయలు. లాయర్‌ను పెట్టుకోవాలన్న నిబంధన లేదు, ఫిర్యాదుదారు స్వయంగా వాదించుకోవచ్చు. అయినా వైద్య కేసుల్లో కాగితాలు చదివి ప్రశ్నలు వేయగల లాయర్ ఉంటే తేడా కనిపిస్తుంది.

2019 చట్టంలో మరో సౌకర్యం ఉంది. ఆసుపత్రి ఉన్న జిల్లాలోనే వేయాలన్న పట్టింపు లేదు. ఫిర్యాదుదారు నివసించే చోట, లేదా పని చేసే చోట ఉన్న జిల్లా కమిషన్‌లో వేయవచ్చు. కర్నూలు కుటుంబం హైదరాబాద్‌లో వైద్యం చేయించుకున్నా కర్నూలులోనే కేసు వేసుకోవచ్చు. ఈ-జాగృతి పోర్టల్‌లో ఆన్‌లైన్‌లో దాఖలు చేసే వీలుంది. విచారణకు వీడియో కాన్ఫరెన్స్ కోరవచ్చు.

నోటీసు అందాక ఆసుపత్రి 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. కమిషన్ ఇంకో 15 రోజులు పొడిగించగలదు, అంతకు మించి వీల్లేదని 2020లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. కేసును 3 నుంచి 5 నెలల్లో ముగించాలని చట్టంలో ఉంది. ఆచరణలో వైద్య కేసులకు ఏళ్ళు పడతాయి. ఆ ఓపికతోనే దిగాలి.

జిల్లా కమిషన్ తీర్పు మీద 45 రోజుల్లో రాష్ట్ర కమిషన్‌కు అప్పీలు చేసుకోవచ్చు. తెలంగాణకు హైదరాబాద్‌లో, ఆంధ్రప్రదేశ్‌కు విజయవాడలో రాష్ట్ర కమిషన్లు ఉన్నాయి. పరిహారం కట్టాలని తీర్పు వచ్చిన ఆసుపత్రి అప్పీలుకు వెళ్ళాలంటే అందులో సగం ముందే డిపాజిట్ చేయాలి. మరణం లేదా తీవ్రమైన గాయం జరిగిన వైద్య కేసులను మధ్యవర్తిత్వానికి పంపకూడదని 2020 నిబంధనలు చెబుతున్నాయి. కాబట్టి కమిషన్ నడిపే మధ్యవర్తిత్వంలో కూర్చుని రాజీ పడమన్న ఒత్తిడి అలాంటి కేసుల్లో ఉండకూడదు.

ఆరోగ్యశ్రీ, ప్రభుత్వ ఆసుపత్రి సంగతేమిటి

జేబులోంచి రూపాయి కట్టలేదు కదా, ఇక కేసెలా వేస్తాం అని చాలామంది వెనక్కి తగ్గుతారు. ఇక్కడ తేడా తెలుసుకోవాలి.

ప్రైవేటు ఆసుపత్రిలో ఇన్సూరెన్స్ మీద వైద్యం జరిగినా, ఉద్యోగం ఇచ్చిన సంస్థ బిల్లు కట్టినా రోగి వినియోగదారుడే. కొందరి దగ్గర డబ్బు తీసుకుని, కొందరికి ఉచితంగా చేసే ఆసుపత్రిలో ఆ ఉచితంగా చేయించుకున్నవారికీ అదే హక్కు ఉంటుందని వి.పి. శాంత తీర్పులో ఉంది. తెలంగాణలో ఆరోగ్యశ్రీ కింద, ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్య సేవ కింద ప్రైవేటు ఆసుపత్రిలో చేరిన కుటుంబం ఈ తీర్పు ఆధారంగా కమిషన్‌కు వెళ్ళవచ్చు.

అందరికీ పూర్తిగా ఉచితంగా చేసే ప్రభుత్వ ఆసుపత్రుల మీద మాత్రం వినియోగదారుల కేసు నిలవదు. ఓపీ చీటీకి తీసుకునే నామమాత్రపు రుసుము లెక్కలోకి రాదు. అక్కడ సివిల్ దావా, హైకోర్టులో రిట్ పిటిషన్, రాష్ట్ర మానవ హక్కుల కమిషన్ అనే దారులు ఉన్నాయి. అత్యవసర స్థితిలో వచ్చిన రోగికి ప్రభుత్వ ఆసుపత్రి వైద్యం అందించకపోవడం రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కును కాలరాయడమేనని 1996లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ కేసు పశ్చిమ బెంగాల్‌ది. రైలు నుంచి పడి తలకు దెబ్బ తగిలిన ఒక కూలీని కోల్‌కతాలో ఒక్కో ప్రభుత్వ ఆసుపత్రి మరో దానికి తిప్పి పంపాయి.

రోడ్డు ప్రమాద బాధితుడు వస్తే ప్రభుత్వ ఆసుపత్రి అయినా, ప్రైవేటు అయినా ముందు ప్రాణం కాపాడాలి, పోలీసు కాగితాలు తర్వాత. ఇది 1989 నుంచే సుప్రీంకోర్టు ఆదేశం.

రెండేళ్ళ గడువు

వినియోగదారుల ఫిర్యాదు రెండేళ్ళలోపు వేయాలి. తగిన కారణం చూపితే కమిషన్ ఆలస్యాన్ని మన్నించవచ్చు, కానీ దాని మీద ఆధారపడకూడదు.

రెండేళ్ళు ఎప్పటి నుంచి లెక్కపెట్టాలన్నది ముఖ్యం. నష్టం అప్పుడే కనిపిస్తే ఆ రోజు నుంచి. లోపల దాగి ఉండి తర్వాత బయటపడితే, మామూలు శ్రద్ధ ఉన్న మనిషికి తెలియాల్సిన రోజు నుంచి. 2010లో సుప్రీంకోర్టు ముందుకు వచ్చిన ఒక కేసు దీనికి ఉదాహరణ. 1993లో ఆపరేషన్ అయింది. 2002లో మరో ఆపరేషన్‌లో కడుపులోంచి గాజుగుడ్డ బయటపడింది. రోగి 2004లో ఫిర్యాదు చేశారు. ఆమె స్వయంగా నర్సు. మొదటి ఆపరేషన్ అయిన కొద్దికాలానికే నొప్పి మొదలైనా ఏళ్ళ తరబడి ఎందుకు పరీక్ష చేయించుకోలేదని కోర్టు అడిగింది. గడువు దాటిందని కేసు కొట్టేసింది. తప్పు కళ్ళెదుట ఉన్నా హక్కు చేజారిపోయింది.

ఇద్దత్, చాలీస్వాఁ, ఇంటి సర్దుబాట్లలో నెలలు గడిచిపోతాయి. చట్టం గడియారం ఆగదు. కేసు తర్వాత వేసినా, కాగితాలు అడగడం మొదటి వారంలోనే జరగాలి.

కాగితాలు

వైద్య కేసు గెలిచేదీ, ఓడేదీ కేస్ షీట్ దగ్గరే. 2002 నాటి వైద్య వృత్తి నిబంధనల ప్రకారం, ఇన్‌పేషెంట్ రికార్డులను చికిత్స మొదలైన రోజు నుంచి మూడేళ్ళు దాచాలి. రోగి లేదా అధికారం ఉన్న కుటుంబ సభ్యుడు రాతపూర్వకంగా అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి. ఇవ్వకపోవడం డాక్టర్ వైపు నుంచి వృత్తి నియమాల ఉల్లంఘన. కమిషన్ కూడా దాన్ని ఆసుపత్రికి వ్యతిరేకంగా చూడవచ్చు.

అడగాల్సినవి ఇవి. పూర్తి కేస్ షీట్. నర్సింగ్ నోట్స్, అంటే ఏ గంటకు ఏ మందు ఇచ్చారో, బీపీ ఎంత ఉందో రాసిన కాగితాలు. ఆపరేషన్ నోట్స్, అనస్థీషియా రికార్డు. సంతకం చేసిన కన్సెంట్ ఫారం. ల్యాబ్ రిపోర్టులు, ఎక్స్‌రే, స్కాన్ ఫిల్ములు. డిశ్చార్జ్ సమ్మరీ లేదా డెత్ సమ్మరీ. మందుల బిల్లులతో సహా అన్ని బిల్లులు.

అడిగిన ఉత్తరం నకలు మీద ఆసుపత్రి ముద్ర, తేదీ వేయించుకోవాలి. తీసుకోకపోతే రిజిస్టర్డ్ పోస్టులో పంపి రసీదు దాచుకోవాలి. ప్రభుత్వ ఆసుపత్రి అయితే సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టవచ్చు. 30 రోజుల్లో జవాబు రావాలి. బయటి మెడికల్ షాపు చీటీలు, అంబులెన్స్ రసీదు, డాక్టర్‌తో వాట్సాప్‌లో జరిగిన సంభాషణ, ఆసుపత్రి ఫోన్ చేసిన సమయాలు కూడా సాక్ష్యాలే. ఏ రోజు, ఏ గంటకు ఏం జరిగిందో ఇంట్లోవాళ్ళు మరిచిపోక ముందే ఒక నోట్‌బుక్‌లో రాసి పెట్టుకుంటే విచారణలో ఎంతో అక్కరకు వస్తుంది.

మయ్యత్, జనాజా, పోస్టుమార్టం

మయ్యత్‌ను త్వరగా దఫన్ చేయాలన్నది ప్రతి ముస్లిం కుటుంబం కోరుకునేది. వైద్య నిర్లక్ష్యం కేసులో మరణ కారణాన్ని చూపే బలమైన ఆధారం పోస్టుమార్టం రిపోర్టు. ఈ రెండింటి మధ్య కొన్ని గంటల్లోనే నిర్ణయం తీసుకోవాల్సి వస్తుంది.

పోస్టుమార్టం లేనంత మాత్రాన కేసు పోదు. కేస్ షీట్, ల్యాబ్ రిపోర్టులు, నిపుణుల అభిప్రాయం మీద గెలిచిన కేసులు ఉన్నాయి. కానీ మరణ కారణం మీదే వివాదం ఉన్నప్పుడు, అంటే తప్పుడు ఇంజెక్షన్, మత్తుమందు, ఆపరేషన్‌లో రక్తస్రావం లాంటి అనుమానం ఉన్నప్పుడు అది లేకపోతే ఆసుపత్రి చెప్పిందే చివరి మాట అవుతుంది. పోస్టుమార్టం కావాలంటే దఫన్‌కు ముందే పోలీసు స్టేషన్‌లో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వాలి. పోలీసులు పంచనామా చేసి మయ్యత్‌ను పంపుతారు. దఫన్ అయ్యాక బయటికి తీయాలంటే మెజిస్ట్రేట్ ఉత్తర్వు కావాలి. అది ఇంటిల్లిపాదికీ మరింత కష్టం.

సాయంత్రం దాటితే మర్నాటి వరకు ఆగాల్సిందే అనుకునే కాలం పోయింది. తగిన సదుపాయాలు ఉన్న ఆసుపత్రుల్లో సూర్యాస్తమయం తర్వాత కూడా పోస్టుమార్టం చేయవచ్చని కేంద్ర ఆరోగ్య శాఖ 2021 నవంబర్‌లో అనుమతి ఇచ్చింది. హత్య, ఆత్మహత్య, అత్యాచారం, కుళ్ళిన మృతదేహం, కుట్ర అనుమానం ఉన్నవి మాత్రం మామూలుగా దీని కిందకు రావు. షరియా పరంగా సందేహం ఉంటే దగ్గరి ముఫ్తీని వెంటనే ఫోన్‌లో అడగడం మేలు. చట్టపరమైన అవసరం ఉన్నప్పుడు, హక్కు నిలబెట్టుకోవడానికి వేరే దారి లేనప్పుడు దీన్ని అనుమతించిన ఉలేమాలు ఉన్నారు.

బిల్లు బాకీ ఉందని మయ్యత్‌ను ఇవ్వకుండా ఆపే హక్కు ఆసుపత్రికి లేదు. జాతీయ మానవ హక్కుల కమిషన్ రూపొందించగా కేంద్ర ఆరోగ్య శాఖ రాష్ట్రాలకు పంపిన రోగుల హక్కుల పత్రంలో ఈ మాట ఉంది. బాకీ వసూలుకు ఆసుపత్రికి సివిల్ దారి ఉంది. మయ్యత్‌ను ఆపితే పోలీసులకూ, జిల్లా వైద్య ఆరోగ్య అధికారికీ వెంటనే ఫిర్యాదు చేయాలి.

సంతకం పెట్టాం కదా, ఇంకేం చేస్తాం?

కన్సెంట్ ఫారం మీద సంతకం పెట్టినంత మాత్రాన నిర్లక్ష్యానికి మాఫీ దొరకదు. దేనికి ఒప్పుకున్నారో దానికి మాత్రమే ఆ సంతకం. 2008 జనవరిలో సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు ఈ విషయం తేల్చింది. పరీక్ష కోసం చేసే చిన్న ప్రక్రియకు ఆమె ఒప్పుకున్నారు. మత్తులో ఉండగా డాక్టర్ బయట ఉన్న తల్లిని అడిగి గర్భసంచి తీసేశారు. ప్రాణం మీదకు వచ్చిన పరిస్థితి కానప్పుడు, మేజరైన రోగి స్పృహలోకి వచ్చేదాకా ఆగి ఆమెనే అడగాల్సిందని కోర్టు చెప్పింది. జబ్బేమిటి, చికిత్సేమిటి, ప్రమాదాలేమిటి, వేరే దారులేమిటి అన్నది రోగికి అర్థమయ్యేలా చెప్పాలి. ఇంగ్లిష్ ఫారం చేతిలో పెట్టి ఇక్కడ సంతకం పెట్టమంటే, తెలుగులోనో ఉర్దూలోనో వివరించమని అడిగే హక్కు రోగికి ఉంది.

హైదరాబాద్ నుంచి వెళ్ళిన ఒక కేసులోనూ ఇదే ప్రశ్న వచ్చింది. 1990లో ఒక ఇంజినీరింగ్ విద్యార్థి ఛాతీలో గడ్డతో నిమ్స్‌లో చేరాడు. నమూనా తీయడానికి ఒప్పుకుంటే గడ్డ మొత్తం తీసేశారు. వెన్నుకు సంబంధం ఉన్న గడ్డ అయినా న్యూరోసర్జన్‌ను పిలవలేదు. యువకుడి నడుము కింది భాగం చచ్చుబడిపోయింది. జాతీయ కమిషన్ 15.5 లక్షలు ఇచ్చింది. సుప్రీంకోర్టులో అతను తన కేసు తానే వాదించుకున్నాడు. 2009 మే 14న కోర్టు పరిహారాన్ని కోటి రూపాయలకు పెంచి, దాని మీద వడ్డీ కూడా ఇప్పించింది. అప్పటికి ఆపరేషన్ జరిగి 18 ఏళ్ళు దాటింది.

నిపుణుడి అభిప్రాయం కావాలా?

చాలా కేసుల్లో కావాలి. అదే విభాగంలో పని చేసే వేరే డాక్టర్ రికార్డులు చదివి, లోపం ఎక్కడ జరిగిందో రాసిస్తే కేసు నిలబడుతుంది. తోటి డాక్టర్ మీద రాసివ్వడానికి చాలామంది ముందుకు రారు. రిటైరైన ప్రొఫెసర్లను, వేరే ఊరి డాక్టర్లను అడగాల్సి రావచ్చు. ప్రభుత్వ వైద్య కళాశాల నుంచి మెడికల్ బోర్డు అభిప్రాయం తెప్పించమని కమిషన్‌నే కోరవచ్చు.

అయితే ప్రతి కేసులోనూ నిపుణుడు తప్పనిసరి కాదని 2010 మార్చి 8న సుప్రీంకోర్టు చెప్పింది. అదీ హైదరాబాద్ కేసే. మలేరియా ఉన్న మహిళకు టైఫాయిడ్ వైద్యం చేశారు, ఆమె చనిపోయారు. జిల్లా ఫోరం 2 లక్షల పరిహారం ఇస్తే, నిపుణుడి సాక్ష్యం లేదని పై కమిషన్లు కొట్టేశాయి. సుప్రీంకోర్టు జిల్లా ఫోరం తీర్పునే తిరిగి నిలబెట్టింది.

పోలీసు కేసు ఎప్పుడు?

2024 జులై 1 నుంచి ఐపీసీ స్థానంలో భారతీయ న్యాయ సంహిత వచ్చింది. దాని 106వ సెక్షన్ ప్రకారం నిర్లక్ష్యంతో మరణానికి కారణమైతే ఐదేళ్ళ వరకు శిక్ష. రిజిస్టర్డ్ డాక్టర్ వైద్యం చేస్తుండగా జరిగితే రెండేళ్ళ వరకు శిక్ష, జరిమానా. జాకబ్ మాథ్యూ తీర్పు ప్రకారం దీనికి మామూలు పొరపాటు చాలదు, ఘోరమైన నిర్లక్ష్యం ఉండాలి. పోలీసులు ముందుకు వెళ్ళే ముందు వేరే డాక్టర్ అభిప్రాయం తీసుకోవాలి. ప్రభుత్వ డాక్టర్ అయితే మేలు. డాక్టర్‌ను ఆనవాయితీగా అరెస్టు చేయకూడదు. పోలీసు కేసు తేలకపోయినా, వీగిపోయినా వినియోగదారుల కేసు దానంతట అది నడుస్తుంది, ఎందుకంటే అక్కడ రుజువు కొలత వేరు.

మెడికల్ కౌన్సిల్, జిల్లా అధికారులు

డాక్టర్ వృత్తిపరమైన తప్పు మీద తెలంగాణ మెడికల్ కౌన్సిల్‌కు లేదా ఆంధ్రప్రదేశ్ మెడికల్ కౌన్సిల్‌కు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయవచ్చు. నిబంధనల ప్రకారం ఆరు నెలల్లో తేల్చాలి. హెచ్చరిక నుంచి పేరును రిజిస్టర్‌లోంచి కొంతకాలమో, శాశ్వతంగానో తొలగించే దాకా చర్య ఉండవచ్చు. అక్కడ వచ్చిన నిర్ణయం కమిషన్‌లో సాక్ష్యంగా పనికొస్తుంది.

ఆసుపత్రి లైసెన్సు, సిబ్బంది, సదుపాయాల మీద ఫిర్యాదు అయితే జిల్లా స్థాయిలో చేయాలి. ఇక్కడ రెండు రాష్ట్రాల చట్టాలు వేరు. ఆంధ్రప్రదేశ్‌లో 2002 నాటి ప్రైవేటు వైద్య సంస్థల రిజిస్ట్రేషన్ చట్టం ఉంది. తెలంగాణ 2010 నాటి కేంద్ర క్లినికల్ ఎస్టాబ్లిష్‌మెంట్స్ చట్టాన్ని తీసుకుంది. రెండు చోట్లా మొదట తలుపు తట్టాల్సింది జిల్లా వైద్య ఆరోగ్య అధికారి కార్యాలయం.

ఆర్ఎంపీ, హకీం, హోమియో

పల్లెల్లో, పాత బస్తీల్లో మొదటి వైద్యం చాలాసార్లు ఆర్ఎంపీ దగ్గరే. రిజిస్ట్రేషన్ లేకుండా అల్లోపతి వైద్యం చేయడం 2019 జాతీయ వైద్య కమిషన్ చట్టం కింద నేరం. ఏడాది వరకు జైలు, 5 లక్షల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. యునానీ, హోమియో డాక్టర్లు తమ పద్ధతిలో చేసే వైద్యం చట్టబద్ధమే, వాళ్ళ మీదా వినియోగదారుల చట్టం వర్తిస్తుంది. రాష్ట్రం అనుమతి లేకుండా అల్లోపతి మందులు రాసి హాని కలిగితే, అదే నిర్లక్ష్యానికి రుజువు. 1996లో ఒక హోమియో డాక్టర్ టైఫాయిడ్‌కు అల్లోపతి మందులు ఇచ్చిన కేసులో సుప్రీంకోర్టు ఇలాగే తేల్చి 3 లక్షలు ఇప్పించింది.

గొడవకు దిగితే నష్టం కుటుంబానికే

ఉమ్మడి రాష్ట్రంలో 2008లో వచ్చిన 11వ చట్టం ప్రకారం డాక్టర్ల మీద, ఆసుపత్రుల మీద దాడి నాన్‌బెయిలబుల్ నేరం. మూడేళ్ళ వరకు జైలు, 50 వేల వరకు జరిమానా ఉంటుంది. పగలగొట్టిన సామాను విలువకు రెండింతలు కట్టించవచ్చు. అద్దం పగిలిన రోజు నుంచి కుటుంబం బాధితురాలి స్థానం నుంచి ముద్దాయి స్థానానికి మారిపోతుంది. అప్పుడు ఆసుపత్రి పెట్టే షరతు ఒక్కటే: మీ కేసు మీరు వెనక్కి తీసుకుంటే మా కేసు మేం తీసుకుంటాం.

పరిహారం ఎలా లెక్కిస్తారు

చనిపోయినవారి వయసు, సంపాదన, వారి మీద ఆధారపడినవారు ఎందరు, అయిన వైద్య ఖర్చు, ఇకముందు అయ్యే ఖర్చు, పడిన బాధ చూస్తారు. డాక్టర్ తప్పు చేస్తే ఆసుపత్రి యాజమాన్యం కూడా బాధ్యత వహించాలి. అమెరికాలో స్థిరపడిన దంపతులు కోల్‌కతా వచ్చినప్పుడు భార్య చనిపోయిన కేసులో 2013లో సుప్రీంకోర్టు సుమారు 6 కోట్లు ఇప్పించింది. అది అరుదు. ఇల్లు చూసుకునే గృహిణికి సంపాదన లేదు కాబట్టి పరిహారం రాదనుకోవడం పొరపాటు. ఇంటిపనికి కూడా కోర్టులు విలువ కడతాయి.

విదేశాల్లో జరిగితే

విదేశంలో జరిగిన వైద్యానికి సాధారణంగా అక్కడి చట్టమే. అమెరికాలో ఒక్కో రాష్ట్రానిది ఒక్కో చట్టం. టెక్సాస్‌లో గడువు రెండేళ్ళు. నొప్పి, వేదనలకు ఇచ్చే పరిహారం డాక్టర్ల మీద 2.5 లక్షల డాలర్లకు మించదు. ప్రతివాది జవాబు ఇచ్చిన 120 రోజుల్లో నిపుణుడి నివేదిక ఇవ్వాలి. ఇల్లినాయిలో అలాంటి పరిమితిని 2010లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు కొట్టేసింది. యూఏఈలో 2016 నాటి వైద్య బాధ్యత చట్టం కింద ఫిర్యాదు ముందు ఆరోగ్య శాఖకు, అక్కడి నుంచి వైద్య బాధ్యత కమిటీకి వెళ్ళాలి. నేరుగా కోర్టులో పరిహారం అడగడానికి వీల్లేదు.

వరుసగా చేయాల్సినవి

మొదటి రోజు: మరణం జరిగి అనుమానం ఉంటే పోస్టుమార్టం మీద నిర్ణయం, పోలీసులకు రాతపూర్వక ఫిర్యాదు.

మొదటి వారం: కేస్ షీట్‌కు రాతపూర్వక దరఖాస్తు, బిల్లులు ఒకచోట చేర్చడం, జరిగినదంతా తేదీలతో రాసుకోవడం.

మొదటి మూడు నెలలు: రికార్డులు వేరే డాక్టర్‌కు చూపించడం. నిర్లక్ష్యం లేదని ఆ డాక్టర్ చెబితే అదీ వినాలి. లేని తప్పును పట్టుకుని ఏళ్ళ తరబడి తిరగడం కంటే ఆ మాట మనసుకు నెమ్మదినిస్తుంది.

ఏడాది లోపు: లీగల్ నోటీసు, తర్వాత కమిషన్‌లో ఫిర్యాదు. రెండేళ్ళ చివరి రోజు దాకా ఆగకూడదు.

లాయర్‌కు డబ్బు లేనివారు జిల్లా న్యాయ సేవాధికార సంస్థను అడగవచ్చు. మహిళలకు, పిల్లలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది. దాని హెల్ప్‌లైన్ 15100. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915.